తీపి మాట వెనుక చీపురు

పెళ్లి భోజనం బాగా కుదిరితే మృష్టాన్న భోజనం పెట్టారంటాం. అదే మాటను కొందరు మిష్టాన్నం అని రాస్తారు. బజారులో కొనుక్కునేది మిఠాయి. హైదరాబాదు విందుల్లో చివరగా వచ్చేది డబల్ కా మీఠా, ఖుబానీ కా మీఠా. మృష్టం, మిష్టం, మిఠాయి, మీఠా అని తెలుగువాళ్ల నోట నానే ఈ నాలుగూ నిజానికి ఒకే మాట. వేరువేరు కాలాల్లో వేరువేరు దారుల్లో నడిచి మన దగ్గరికి వచ్చింది కాబట్టి నాలుగు రూపాల్లో కనిపిస్తోంది.

ఈ మాట గురించి రెండు కథలు ప్రచారంలో ఉన్నాయి. మొదటిది పాత కథ. సంస్కృతం తల్లి, మిగిలినవన్నీ పిల్లలు, మిష్టం దేవభాష పదం, మీఠా అన్నది పామరుల నోట చెడిపోయిన రూపం అని అది చెబుతుంది. రెండోది మన ధమ్మ బంధువుల్లో ఈ మధ్య బాగా వినిపిస్తున్న కథ. అసలు భాష పాలి, సంస్కృతం ఆ తర్వాత అల్లిన దొంగ భాష, కావాలంటే మిష్టాన్నే చూడండి అంటుంది ఇది. ఈ రెండు కథలనూ ఒకే గీటురాయి మీద గీసి చూడాలని మేము అనుకుంటున్నాం. మొదటి కథ తప్పని మన సభల్లో చెబితే చప్పట్లు వస్తాయి. రెండో కథలోని లోపం చెబితే రావు. అందుకే రెండూ ఒకేచోట చెప్పాలి.

మాట నడిచిన దారి

మృష్ట అన్న మాటకు మూలం మృజ్ ధాతువు. తుడవడం, రుద్దడం, కడగడం, మెరుగుపెట్టడం దాని అర్థాలు. ఋగ్వేదంలో, ముఖ్యంగా సోమరసాన్ని వడకట్టి శుభ్రం చేసే తొమ్మిదో మండలంలో ఈ ధాతువు పదే పదే కనిపిస్తుంది. అంటే మృష్టం అంటే తుడిచినది, మలినం తీసినది. అక్కడి నుంచి శుభ్రంగా వండినది, బాగా తయారుచేసినది, రుచికరమైనది అనే అర్థాలు పుట్టాయి. తీపి అనే అర్థం అందరికంటే చివర వచ్చి కూర్చుంది.

జనం నోట ఈ మాట రెండు మార్పులకు లోనయింది. ఋకారం పోయి దాని చోట ఒక అచ్చు వచ్చింది. ష్ట పోయి ట్ఠ వచ్చింది. ఈ మార్పులు మనకు కొత్త కావు. రోజూ వందనలో పలికే మాటల్లోనే ఉన్నాయి. అష్ట అన్నది అట్ఠ అయింది, అట్ఠంగిక మగ్గం అంటున్నాం. దృష్టి అన్నది దిట్ఠి అయింది, సమ్మాదిట్ఠి అంటున్నాం. శ్రేష్ఠి సెట్ఠి అయింది, మన ఊళ్లకు వచ్చేసరికి శెట్టి అయింది. ఋషి ఇసి అయింది కాబట్టే సారనాథ్‌కు ఇసిపతనం అని పేరు. మృగం మిగం అయింది కాబట్టే అక్కడి వనం మిగదాయం.

అదే పద్ధతిలో మృష్ట అన్నది ఒకచోట మట్ఠ అయింది, మరొకచోట మిట్ఠ అయింది. పాలిలో కనిపించే మట్ఠకు అర్థం నున్నగా మెరుగుపెట్టినది అని. తీపిని చెప్పడానికి పాలి సాహిత్యం మధుర, సాదు అనే వేరే మాటలు వాడుతుంది. తర్వాతి ప్రాకృతాల్లో ఈ జంట రూపాలు పని పంచుకున్నాయి. పన్నెండో శతాబ్దంలో గుజరాత్‌లో ప్రాకృత వ్యాకరణం రాసిన జైన పండితుడు హేమచంద్రుడు దీన్ని స్పష్టంగా గమనించాడు. రుచి అనే అర్థంలో మాత్రమే మిట్ఠ అనాలి, మిగిలిన అర్థాల్లో మట్ఠ అనాలి అని ఆయన నియమం చెప్పాడు. ఒకే మాట, ఒక్క అచ్చు తేడాతో, ఒకవైపు నునుపుకూ మరోవైపు రుచికీ పేరయింది. ఆ మిట్ఠే హిందీ మీఠా, పంజాబీ మిట్ఠా, ఒడియా మిఠా.

దిష్టి చెప్పే సాక్ష్యం

మరి మిష్టం ఎక్కడి నుంచి వచ్చింది? మృజ్ ధాతువు నుంచి నేరుగా వస్తే మృష్టం రావాలి. ఋకారం ఉండాల్సిన చోట ఇకారం ఎందుకుంది?

దీనికి జవాబు మన తెలుగు ఇళ్లలోనే ఉంది. పిల్లవాడికి దిష్టి తగిలిందంటాం. దిష్టి అంటే దృష్టే. ఋకారం జనం నోట ఇకారమైంది, ష్ట మాత్రం అలాగే ఉంది. దీన్ని వ్యాకర్తలు వికృతి అన్నారు, తద్భవం అన్నారు. మిష్టం తయారీ కూడా అచ్చంగా దిష్టి లాంటిదే. జనం వాడుకలో మిట్ఠ అనే మాట తీపి అర్థంలో స్థిరపడింది. సంస్కృతంలో రాసేవాళ్లకు ఆ మాట కావలసి వచ్చింది. ట్ఠను ష్టగా మార్చి సంస్కృతం వేషం వేశారు. కానీ దాని పాత రూపం మృష్టం అన్న సంగతి అప్పటికి మరుగున పడింది. ఇకారాన్ని ఋకారంగా మార్చడం మరిచారు. కొత్త బట్టలు కట్టారు గాని పాత చెప్పులు విప్పించలేదన్నమాట. మోనియర్ విలియమ్స్ 1899 నాటి సంస్కృత నిఘంటువు కూడా మిష్టం బహుశా మృష్టం నుంచి వచ్చిందనే చెప్పింది. ఆర్.ఎల్. టర్నర్ తన ఇండో ఆర్య భాషల తులనాత్మక నిఘంటువులో మీఠా కుటుంబాన్నంతటినీ మృష్ట అన్న మాట కిందే చేర్చాడు.

కాబట్టి మీఠా మిష్టానికి చెడిన రూపం అన్న పాత కథ తలకిందులుగా ఉంది. మిష్టమే మిట్ఠకు దిద్దిన రూపం. పండితుడు జనం దగ్గర అప్పు తెచ్చుకుని, తర్వాత జనాన్నే బాకీదారులని రాసుకున్నాడు.

ఇది ఒక్క మిష్టంతో ఆగలేదు. నటుడు, నటన అనే మాటల్లోని నట్ ధాతువు నృత్ అన్నదానికి జనం నోటి రూపం. భట్టు అన్నది భర్తృ నుంచి వచ్చిన ప్రాకృత రూపం. వికటకవిలోని వికట అన్నది వికృతకు అలాంటి రూపమే, అది ఋగ్వేదంలోనే చేరిపోయింది. అంటే సంస్కృతం ఎన్నడూ తలుపులు మూసుకుని బతకలేదు. వీధిలో మాట్లాడుకునే భాషల నుంచి తీసుకుంటూనే ఉంది. తీసుకున్నందుకు మాకు అభ్యంతరం లేదు. భాషలన్నీ అలాగే బతుకుతాయి. తీసుకున్న చోటును చెరిపేసి, ఇచ్చినవాడి మాటను అపభ్రంశం అనడంలోనే అన్యాయం ఉంది. పతంజలి మహాభాష్యంలో గౌః అన్న ఒక్క మాటకు గావీ, గోణీ, గోతా, గోపోతలికా వంటి అపభ్రంశాలు ఎన్నో ఉన్నాయని చెప్పాడు. ఆ గోణీకి తోడబుట్టిన గోణ అన్న మాటే పాలిలో ఎద్దుకు మామూలు పేరు. పతంజలి చెడిన మాట అన్నదాన్ని భిక్ఖు సంఘం ధమ్మం చెప్పడానికి వాడుకుంది.

తెలుగు వ్యాకరణ సంప్రదాయం కూడా ఇక్కడ ఒక సంగతిని మన చేత మరిపించింది. తత్సమం అంటే సంస్కృతంతో సమానమైన మాట అని బడిలో నేర్చుకుంటాం. కానీ చిన్నయసూరి బాలవ్యాకరణంలో తత్సమానికీ తద్భవానికీ చెప్పిన నిర్వచనాల్లో సంస్కృతం పక్కనే ప్రాకృతం పేరు కూడా ఉంది. బోధనలోకి వచ్చేసరికి ఆ రెండో పేరు జారిపోయింది. చక్కెర, విన్నపం, ఆన, సిరి లాంటి మాటలు ప్రాకృతం దారిన వచ్చినవే అయినా వాటి మధ్య మజిలీని ఎవరూ చెప్పరు. భట్టిప్రోలు ధాతు పేటికల మీద చెక్కింది ప్రాకృతం. శాతవాహనుల శాసనాలు ప్రాకృతం. నాగార్జునకొండలో ఇక్ష్వాకుల కాలపు ఉపాసికలు వేయించిన దాన శాసనాలు ఎక్కువగా ప్రాకృతం. ఈ నేల మీద మొదట రాతకెక్కిన భాష ప్రాకృతమే. ఇక తీపి, తియ్యన, తేనె అన్నవి మన సొంత మాటలు. తేనెకు తమిళంలో తేన్, కన్నడంలో జేను. తెలుగు సంస్కృతం బిడ్డ కాదని 1816లో ఎల్లిస్, 1856లో కాల్డ్వెల్ నిరూపించి రెండు శతాబ్దాలు కావస్తున్నా పాత కథ ఇంకా పాఠమవుతూనే ఉంది.

తీపి ఎప్పుడూ తీపే కాదు

మీఠా అంటే పంచదార రుచి అని మనం అనుకుంటాం. కానీ ఈ మాట వెళ్లిన ప్రతిచోటా అదే అర్థంతో స్థిరపడలేదు. మరాఠీలో మీఠ్ అంటే ఉప్పు. గుజరాతీలో మీఠుఁ అన్నది విశేషణంగా తియ్యనిది, నామవాచకంగా ఉప్పు. లుంబిని ఉన్న నేపాల్‌లో మీఠో అంటే రుచిగా ఉన్నది అని. కూర బాగున్నా మీఠో అంటారు. తీపిని చెప్పడానికి వాళ్లకు గులియో అనే మాట వేరుగా ఉంది.

ఉప్పూ తీపీ ఒకే మాటలో ఎలా ఇమిడాయి? మృష్టం అంటే బాగా సిద్ధం చేసిన ఆహారం అన్న పాత అర్థాన్ని గుర్తుపెట్టుకుంటే చిక్కు విడిపోతుంది. నోటికి ఇంపు కలిగించేదల్లా మిట్ఠమే. ఒకచోట ఆ ఇంపు బెల్లం వల్ల వచ్చింది, మరోచోట ఉప్పు వల్ల వచ్చింది. హిందీలో తాగే నీటిని మీఠా పానీ అంటారు. అందులో చక్కెర ఏమీ ఉండదు. ఉప్పదనం, మలినం లేని నీరు అని అర్థం. మనం మంచినీళ్లు అంటాం. తుడిచి శుభ్రం చేసినది అన్న మొదటి అర్థం మీఠా పానీలో ఇంకా బతికే ఉంది.

నీళ్ల ప్రస్తావన రాగానే మన చరిత్రలో ఒక చెరువు గుర్తుకు రాక తప్పదు. మహాడ్‌లోని చవదార్ చెరువు. ఆ పేరుకే రుచిగల నీళ్ల చెరువు అని అర్థం. చవి అన్న మాట తెలిసిన తెలుగువాళ్లకు ఆ పేరు వినగానే తెలుస్తుంది. ఆ చెరువులో పశువులు తాగవచ్చు, అంటరానివాళ్లన్న ముద్ర పడ్డ మనుషులు తాగకూడదు. 1927 మార్చి 20న బాబాసాహెబ్ అంబేద్కర్ వేలాది మందితో వెళ్లి ఆ నీళ్లు తాగారు. ఆ తర్వాత సవర్ణులు 108 కుండల్లో పేడ, మూత్రం, పాలు, పెరుగు కలిపి చెరువులో పోయించి, మంత్రాలు చదివించి, నీళ్లు శుద్ధి అయ్యాయని ప్రకటించారు. ఆ నీటి మీద హక్కు కోసం కేసు 1937లో బొంబాయి హైకోర్టు తీర్పు దాకా నడిచింది.

పాత భాష ప్రకారం చూస్తే మలినం తీస్తే నీళ్లు మృష్టమవుతాయి. మహాడ్‌లో జరిగింది దానికి సరిగ్గా వ్యతిరేకం. మంచినీళ్లలో పేడ కలిపి దాన్ని శుద్ధి అన్నారు. కంటికి కనిపించే మురికికీ, పుట్టుకకు అంటగట్టిన మురికికీ తేడా చెరిపేసిన నాగరికత శుభ్రత అనే మాటను ఎంతగా తలకిందులు చేసిందో ఇంతకంటే పెద్ద ఉదాహరణ అక్కరలేదు. మిష్టం అన్న మాట వ్యుత్పత్తి తప్పిపోవడం చిన్న విషయమే. శుద్ధి అన్న మాట అర్థం తప్పిపోవడం వల్ల మనుషుల బతుకులు పోయాయి.

మనవాళ్ల కథలోని లోపం

ఇక రెండో కథ. మిట్ఠ నుంచి మిష్టం వచ్చింది కాబట్టి సంస్కృతమంతా పాలి నుంచే వచ్చిందనీ, ఋకారం, రేఫ సంయుక్తాలు బ్రాహ్మణ పండితులు తర్వాత చేర్చిన అలంకారాలనీ మనవాళ్లు కొందరు రాస్తున్నారు, పిల్లలకు చెబుతున్నారు. వాళ్ల ఆవేశం మాకు అర్థమవుతుంది. వేల ఏళ్లు మన మాటను అపభ్రంశం అన్నవాళ్ల ముందు మాదే మూలం అనాలనిపించడం సహజం. కానీ ఈ వాదం నిలబడదు. మూడు కారణాలు చెబుతాం.

మొదటిది, మిష్టం ప్రాకృతం నుంచి వచ్చినా మృష్టం అలా రాలేదు. మృష్టం నుంచే మట్ఠ, మిట్ఠ రెండూ వచ్చాయని చెబితేనే రెండింటికీ సమాధానం దొరుకుతుంది. మట్ఠ నుంచి మిట్ఠ వచ్చిందనో, మిట్ఠ నుంచి మట్ఠ వచ్చిందనో అంటే ఆ అచ్చు తేడా ఎందుకో చెప్పలేం. రెండు కొమ్మలు కలిసే చోట ఒక మోడు ఉండాలి. ఆ మోడు ఋకారమే.

రెండోది, ఇరాన్ సాక్ష్యం. అక్కడి ప్రాచీన అవెస్తా భాషలో మృజ్‌కు తోబుట్టువైన ధాతువు ఉంది. రుద్దడం, తుడవడం అనే అర్థాలే దానికీ ఉన్నాయి. అందులో రేఫ ఉంది. మన పండితులు పాలి మాటలకు రేఫను ఊహించి అతికించి ఉంటే, ఎక్కడో ఇరాన్‌లో అదే చోట అదే రేఫ ఎలా ఉంటుంది? ఇద్దరు సాక్షులు ఒకరినొకరు చూడకుండా ఒకే సంగతి చెబితే నమ్మాలి కదా.

మూడోది మనకు అన్నిటికంటే దగ్గరిది, అశోకుని సాక్ష్యం. తన వంటశాలలో రోజుకు రెండు నెమళ్లను, ఒక జింకను మాత్రమే చంపుతున్నారనీ, ఇకమీదట అవీ ఉండవనీ అశోకుడు మొదటి శిలాశాసనంలో చెప్పించాడు. కర్నూలు జిల్లా ఎర్రగుడిలోనూ ఈ శాసనం ఉంది. ఇదే శాసనంలో జింకను గిర్నార్ బండ మీద మగ అన్నారు, కాల్సీలో మిగ అన్నారు, వాయవ్యాన షాబాజ్‌గఢీలో మ్రుగ అన్నారు. రాజు ఒక్కడే, ఆజ్ఞ ఒక్కటే, మాట మూడు రూపాల్లో ఉంది. క్రీస్తుకు పూర్వం మూడో శతాబ్దంలో, ధమ్మం కోరిన రాజు చెక్కించిన రాతి మీదే రేఫ ఉంది. దాన్ని తర్వాతి కాలపు బ్రాహ్మణ కల్పన అని ఎలా అంటాం? అదే అశోకుడి తూర్పు శాసనాల్లో రాజా అన్నది లాజా అయింది. పాలిలో మాత్రం రాజా అనే ఉంది. మగధలో మాట్లాడిన భాషకూ మన చేతిలోని పాలికీ తేడా ఉందని దీన్నిబట్టి తెలుస్తుంది. పాలి మహత్తర భాష. అందులో తిపిటకం నిలిచింది. ఆ గౌరవం దానికి చాలు. అన్ని భాషలకూ తల్లి అనే కిరీటం దానికి అవసరం లేదు.

మాతృభాష పీఠం మీద నుంచి సంస్కృతాన్ని దించి పాలిని కూర్చోబెడితే పీఠం అలాగే ఉంటుంది. మన పోరాటం ఆ పీఠంతోనే. పుట్టుకను బట్టి మనిషికి విలువ కట్టకూడదన్నవాళ్లం, పుట్టుకను బట్టి మాటకు విలువ కట్టవచ్చా?

దీని మీద తథాగతుడి మాట సూటిగా ఉంది. మజ్ఝిమ నికాయంలోని అరణవిభంగ సుత్తంలో ఆయన ఒక గిన్నెను ఉదాహరణగా తీసుకున్నారు. దాన్ని ఒక జనపదంలో పాతి అంటారు, మరోచోట పత్త అంటారు, ఇంకోచోట సరావ అంటారు, పోణ అంటారు. మా ఊరి మాటే సత్యం, మిగతావి వృథా అని పట్టుబట్టడం కలహానికి దారి అని ఆయన హెచ్చరించారు. బుద్ధవచనాన్ని ఛందస్సులోకి మార్చుతామని బ్రాహ్మణ కుటుంబాల నుంచి వచ్చిన ఇద్దరు భిక్ఖులు అడిగితే ఆయన ఒప్పుకోలేదని వినయ పిటకం చెబుతుంది. ఛందస్సుకు ఒప్పుకోనివారు, మరో భాషకు ఆ సింహాసనం ఇమ్మని కూడా చెప్పలేదు. బాబాసాహెబ్ కూడా ఈ దారినే నడిచారు. పాలి గొప్పదని నినాదం ఇచ్చి ఊరుకోలేదు. కూర్చుని పాలి నిఘంటువు, వ్యాకరణం సిద్ధం చేసుకున్నారు. మహారాష్ట్ర ప్రభుత్వం 1998లో ఆయన రచనల పదహారో సంపుటంగా అచ్చువేసింది దాన్నే. ప్రేమ ఉన్నచోట చేయాల్సిన పని అది.

రుద్దినవాళ్లు ఎక్కడ?

మృజ్ ధాతువు నుంచి మరో మాట కూడా పుట్టింది. సమ్మార్జని. పాలిలో సమ్మజ్జనీ. అంటే చీపురు. మిఠాయీ చీపురూ ఒకే ధాతువుకు పుట్టిన తోబుట్టువులు. ఒళ్లు నాక్కుని శుభ్రం చేసుకుంటుందని పిల్లిని మార్జాలం అన్నదీ ఇక్కడి నుంచే. భాష చీపురునూ మిఠాయినీ ఒకే ఇంట్లో ఉంచింది. సమాజం ఒకదాన్ని అరిటాకులో వడ్డించింది, ఇంకొకదాన్ని మన పూర్వీకుల నడుముకు కట్టింది. పీష్వాల పూనాలో అంటరానివాడు తన అడుగుల దుమ్మును తానే ఊడ్చుకుంటూ పోవడానికి నడుముకు చీపురు వేలాడదీసుకోవాల్సి వచ్చేదని బాబాసాహెబ్ 1936లో ‘కుల నిర్మూలన’లో రాశారు.

మృష్టాన్నం తినేవాడికి ఆ గిన్నెలు తోమినవాళ్లు, పందిరి ఊడ్చినవాళ్లు, విస్తళ్లు ఎత్తినవాళ్లు గుర్తుండరు. మనుస్మృతి శూద్ర సేవకుడికి ఎంగిలి అన్నం ఇవ్వమంది. చండాలుడు ఊరి బయట ఉండి పగిలిన పాత్రల్లో తినాలంది. తుడిచేవాడికి తుడిచిన అన్నం దక్కకూడదన్నది ఆ ధర్మం. 1927 డిసెంబరు 25న మహాడ్‌లో ఆ గ్రంథాన్ని తగలబెట్టడం వెనుక ఈ ఆకలి కూడా ఉంది. చేతులతో మలం ఎత్తించడాన్ని నిషేధిస్తూ 2013లో మరో చట్టం తేవాల్సి వచ్చిందంటే ఆ చీపురు ఇంకా నడుము నుంచి పూర్తిగా ఊడలేదనే అర్థం.

ధమ్మంలో చీపురు స్థానం వేరు. ఊడ్చడం వల్ల కలిగే ఐదు మేళ్లను వినయ పిటకంలోని పరివారం లెక్కపెట్టింది. తన చిత్తం ప్రసన్నమవుతుంది, చూసేవారి చిత్తం ప్రసన్నమవుతుంది అన్నవి అందులో మొదటి రెండు. ఆరామాన్ని ఊడ్చేది భిక్ఖులే. అక్కడ ఆ పనికి ఒక కులం లేదు. థేరగాథలో గొంతు వినిపించే సునీతుడు వాడిన పూలు ఎత్తి ఊడ్చే పని చేసినవాడు. అర్హంతుడయ్యాడు. చూళపంథకుడికి నాలుగు నెలలు గడిచినా ఒక్క గాథ కంఠతా రాలేదు. తథాగతుడు అతనికి ఒక తెల్లని గుడ్డ ముక్క ఇచ్చి, దుమ్ము తొలగుతోందని అనుకుంటూ చేత్తో రుద్దుతూ ఉండమన్నారు. రుద్దేకొద్దీ గుడ్డ మాసింది. మాసిన గుడ్డను చూసి అతనికి అనిత్యత తెలిసింది. అట్ఠకథలో ఆ రుద్దడానికి వాడిన క్రియ పరిమజ్జతి. అదీ మృజ్ కుటుంబమే. వేదంలో సోమరసాన్ని తుడిచిన ధాతువు, ధమ్మంలో చిత్తాన్ని తుడిచే పనికి వచ్చింది.

మట్ఠ అన్న మాటతో ధమ్మపద అట్ఠకథలో ఒక కథ ఉంది. అదిన్నపుబ్బకుడనే బ్రాహ్మణుడు, అంటే ఎన్నడూ ఎవరికీ ఏమీ ఇవ్వనివాడు, కొడుకుకు కుండలాలు చేయించాలనుకున్నాడు. కంసాలికి కూలి ఇవ్వాల్సి వస్తుందని తానే బంగారాన్ని సాగగొట్టి, నున్నగా రుద్ది చెవులకు పెట్టాడు. అందుకే ఆ పిల్లవాడికి మట్ఠకుండలి అని పేరు. పిల్లవాడు జబ్బుపడితే వైద్యుడికి డబ్బు ఖర్చవుతుందని పిలవలేదు. చూడవచ్చినవాళ్లు ఇంట్లో సంపద చూస్తారని చావుబతుకుల్లో ఉన్న కొడుకును బయట అరుగు మీద పడుకోబెట్టాడు. తథాగతుడు అటు వచ్చారు. లేచి నమస్కరించే శక్తి లేని ఆ పిల్లవాడు మనసుతోనే ప్రసన్నుడై కన్నుమూశాడు. తండ్రి రుద్దిన బంగారం మెరిసింది గాని అతణ్ని బతికించలేదు. పనిచేసినవాడికి కూలి ఎగ్గొట్టి తెచ్చుకున్న మెరుగు ఎంతవరకు పనికొస్తుందో ఆ పేరే చెబుతోంది.

తీపిగా మాట్లాడటం

నోట్లో చక్కెర, కడుపులో కత్తెర అని మన సామెత. తీపి మాటకు రెండు దారులున్నాయి. పైన పూయడం ఒకటి, లోపల తుడవడం ఇంకొకటి. మృష్టం అన్న మాట మొదట రెండోదాన్నే చెప్పింది.

ఎదుటివారికి ఇంపుగా లేని మాట తథాగతుడు పలుకుతారా అని అభయ రాజకుమారుడు చిక్కు ప్రశ్న వేశాడు. అతని ఒళ్లో పసిబిడ్డ ఉంది. ఈ బిడ్డ నోట్లో పుల్లో, గులకరాయో పడితే ఏం చేస్తావని తథాగతుడు ఎదురు అడిగారు. రక్తం వచ్చినా సరే వేలు పెట్టి తీసేస్తాను, బిడ్డ మీద కరుణ కాబట్టి అన్నాడు రాజకుమారుడు. సత్యమూ హితమూ అయిన మాట ఎదుటివారికి రుచించకపోయినా తగిన కాలం చూసి చెబుతానన్నదే తథాగతుడి జవాబు. అసత్యమైన మాట ఎంత ఇంపుగా ఉన్నా ఆయన పలకరు.

పాలి నుంచే అన్నీ పుట్టాయన్న మాట మనకు తియ్యగా ఉంటుంది. కానీ అది మన పిల్లల నోట్లో పడ్డ గులకరాయి. విహారంలో ఆదివారం పాఠంగా నేర్చుకున్న బిడ్డ రేపు విశ్వవిద్యాలయంలో అశోకుని శాసనం చదివితే, ఆ ఒక్క అబద్ధం పక్కన మనం చెప్పిన నిజాలన్నిటినీ అనుమానిస్తుంది. మహాడ్‌ను అనుమానిస్తుంది, సునీతుణ్ని అనుమానిస్తుంది. ఆ నష్టం మనం భరించలేం. ఏహిపస్సికో, వచ్చి చూడమని పిలిచే ధమ్మం మనది. వచ్చి చూసినవాడికి మన దగ్గర తుడవని మాట ఒక్కటీ కనిపించకూడదు.

కాబట్టి పిల్లలకు ఇలా చెబుదాం. మిఠాయి అన్న మాటను జనం చేశారు. పండితులు దాన్ని తీసుకుని మిష్టం అని పేరు మార్చారు. ఆ మాటకు వేరు అంతకంటే పాతది, ఆ వేరు ఏ ఒక్క కులం సొత్తూ కాదు. దాని తొలి అర్థం తుడవడం. తుడిచిన చేతులను ఈ దేశం అంటరానివి అంది, ఆ చేతులతోనే బాబాసాహెబ్ చవదార్ నీళ్లు దోసిట పట్టారు. ఇందులో ప్రతి మాటా నిజం. ఎవరు ఎంత రుద్ది చూసినా రంగు పోదు.